మొట్టికాయల మహలు

సోలో పట్నంలో రంగుబట్టల సంత వెనక ఒక పాత మహలుంది. పగలు అక్కడ పావురాలు తప్ప ఎవరూ కనపడరు. చీకటి పడ్డాక మాత్రం ఆ ముందు మండపంలోకి తలెత్తుకుని వెళ్లినవాడికి నెత్తిన మొట్టికాయ పడి తీరుతుందని ఊరంతా చెప్పుకుంటుంది. మొట్టేది ఎవరో కాదు, ఆ మహలు కట్టించిన రాకుమారుడు సుర్యోసెమితో. బతికున్నన్నాళ్లూ ఆయన ముందు ఎవరూ నిలబడి నడవకూడదు, గొంతుకూర్చుని జరగాల్సిందే. పోయాక కూడా ఆ మర్యాద వదల్లేదట మహానుభావుడు!

రిక్షా తొక్కే పైజోకి రెండుసార్లు పడ్డాయి. బొప్పి చూపించి మరీ చెబుతాడు.

ప్రనోతో ఇదంతా విని నవ్వేవాడు. నవ్వడా మరి? ఆ రాకుమారుడు స్వయానా ఆయనకు ముత్తాత. సంతలో ఆయన కొట్టు మీద బోర్డు కూడా అలాగే ఉండేది — ‘రాదెన్ ప్రనోతో, గడియారాలు బాగుచేయబడును’. రాదెన్ అంటే రాజవంశం వాడికుండే బిరుదు. కొట్టు తండ్రి సుదర్మోది. నెమ్మదైన మనిషి. చిన్నప్పుడు కొడుకు మర మరీ బిగించేస్తే వేలి కణుపుతో ఠక్కున ఒకటి మొట్టేవాడు, మరుక్షణం అదే చోట అరచేత్తో రుద్దేవాడు. ఆయన పోయాక ప్రనోతో బోర్డు మీద తండ్రి పేరు తీయించి తన పేరు రాయించుకున్నాడు. బిరుదు జోలికి మాత్రం పోలేదు. ముప్పై ఏళ్లు ఎవరూ అడగలేదు.

అడిగే మనిషి రానే వచ్చింది. కూతురు రెట్నోకి యోగ్యకర్తలో సంబంధం కుదిరింది. పిల్లాడి నాయనమ్మ, రాజవంశపు ఆడవాళ్ల బిరుదున్న రాదెన్ అయు ముర్తినీ నుంచి ఉత్తరం వచ్చింది. ‘శుభలేఖలో మీ పేరు ముందు రాదెన్ అని వేయిస్తున్నారట. సంతోషం. గురువారం పొద్దుటి రైలుకి వస్తాను. వంశపత్రం చూపించండి. లేని బిరుదు తగిలించుకునే ఇంటి పిల్ల మాకొద్దు.’

“పోనీ, ఆ రాదెన్ తీసేయించరాదుటండీ? అదేమన్నా కూడు పెడుతుందా?” అంది భార్య వర్సినీ.

“ఇప్పుడు తీసేస్తే ఇన్నాళ్లూ అబద్ధమాడినట్టేగా! పిల్ల పెళ్లి చెడుతుందే.”

వంశపత్రం ఆ మహల్లోనే, వెనక గదిలో టేకుపెట్టెలో ఉంది. తాళంచెవి తండ్రి ఇచ్చి పోయాడు. పగలు వెళితే సంతంతా వెంటపడుతుంది. అందుకని బుధవారం రాత్రి బయల్దేరాడు.

పైజో గేటు దగ్గరే రిక్షా ఆపేశాడు. “ఇంతవరకే బాబూ నా ధైర్యం. లోపల వంగి నడవండి…”

“నేనాయన మునిమనవణ్ణిరా. నాకెందుకు పడతాయి?”

మండపం. చీకటి. ఎక్కడో పావురం రెక్కలు విదిల్చింది. ఒక అడుగు… రెండు… మూడు…

ఠక్!

ప్రనోతో నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. అగ్గిపుల్ల గీశాడు. పైన ఏదో ఊగుతోంది… దీపం ఊడిపోయిన పాత గొలుసు. దాని చివర ఇనప కొక్కెం, సరిగ్గా మనిషి నెత్తి ఎత్తున.

“ఓరి నీ దుంపతెగ! నువ్వా దెయ్యానివి?”

కడుపుబ్బ నవ్వాడు. భయం దిగిపోయింది. ధీమాగా వెనక గదిలోకి వెళ్లి, కొవ్వొత్తి వెలిగించి, పెట్టె తెరిచాడు.

వంశపత్రం మీద రాకుమారుడి చేతిరాత. ‘నా కొడుకు బిరుదు రాదెన్ మాస్. నా మనవడిది రాదెన్. ఆ తర్వాత పుట్టేవాళ్లకు బిరుదు లేదు. చేతిపనితోనే పేరు తెచ్చుకోవాలి.’ దాని కింద ఒకదాని కింద ఒకటి పేర్లు — తాత, నాన్న, చిట్టచివర నాన్న చేత్తో రాసిన ‘ప్రనోతో’.

వేలు పెట్టి లెక్కపెట్టాడు. కింద నుంచి పైకి మళ్లీ లెక్కపెట్టాడు. ఎటు చూసినా అంతే. నాన్నతో సరి. తను వట్టి ప్రనోతో.

పొద్దున్నే ఆ ముసలావిడకి ఏం చూపించాలి? రెట్నో మొహం ఎలా చూడాలి?

అప్పుడొచ్చింది పాడు ఆలోచన. మధ్యలో నాన్న పేరు ఒక్కటి లేకపోతే? తాత కిందే తను ఉంటే? అప్పుడు తనే మనవడు… తనే రాదెన్! గడియారాల వాడి జేబులో సన్నటి బ్లేడు ఉండనే ఉంటుంది.

“ఏమీ అనుకోకు నాన్నా…” అని గొణిగి, ఆ పేరు మొదటి అక్షరం మీద బ్లేడు ఆనించాడు.

ఠక్!

కొవ్వొత్తి ఆరలేదు. పైకి చూశాడు. గొలుసు లేదు, కొక్కెం లేదు. వట్టి కప్పు… గదిలో తనొక్కడే.

ఆ తర్వాత ఇంకొకటి కూడా జరిగింది. వంశపత్రం చంకన పెట్టుకుని, గొంతుకూర్చుని జరుగుతూ గేటు దాకా వచ్చేశాడు ప్రనోతో.

“పడిందా?” అన్నాడు పైజో గుసగుసగా.

“పడింది.”

పొద్దున్న ముర్తినీగారు తియ్యటి టీ పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని, పేర్లన్నీ చదివింది. ఆవిడ వేలు ఒక చోట ఆగింది.

“ఇక్కడ ఈ గీకుడేమిటి?”

వర్సినీ తలుపు పట్టుకుంది. ప్రనోతో తల వంచుకున్నాడు.

“మా నాన్న పేరు తీసేద్దామనుకున్నానండీ. అప్పుడు నేను రాదెన్ అవుతాను. ఇప్పుడు కాను.”

“మరి ఆగారేం?”

“ఆయన ఒప్పుకోలేదండీ.”

ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత వక్కాకు రంగు పళ్లన్నీ కనపడేలా నవ్వింది. “మా వంశపత్రంలో అలా మాయమైపోయిన నాన్నలు ముగ్గురున్నారయ్యా. గీకబోయి ఆగినవాణ్ణి ఇదే చూడటం. శుభలేఖ మీద వట్టి ప్రనోతో అనే వేయించండి, వియ్యంకుడుగారూ.”

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. బోర్డు మారింది — ‘సుదర్మో కొడుకు ప్రనోతో, గడియారాలు’. గొలుసు సంగతి తెలిసి సంతంతా నవ్వుకుంది. పైజో మాత్రం తన బొప్పికి ఇక విలువ లేదని దిగులుపడ్డాడు.

ఆ రాత్రి వర్సినీ కూడా నవ్వింది. “రెండోసారి మొట్టింది కూడా ఏ దూలమో, ఏ ఇనప మేకో అయ్యుంటుంది. పడుకోండి ఇంక.”

“సరేనే, మొట్టింది మేకే అనుకో,” అన్నాడు ప్రనోతో నెత్తి తడుముకుంటూ. “మొట్టాక అరచేత్తో రుద్దిందెవరు?”