పద్నాలుగో నంబరు గ్లౌజులు

హుద్‌హుద్ తుఫాను వస్తోందని రెండు రోజుల ముందే ఫ్యాక్టరీ ఆపేశారు. హెచ్చెఫ్ అని పిలిచే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ట్యాంకు ఖాళీ చేసి, ఉన్న యాసిడ్‌ని ట్యాంకర్లో వెనక్కి పంపించి, పైపులన్నీ కడిగించారు. జనాన్ని ఇళ్లకు పంపేసి యార్డు కాపలాకి ఇద్దరినే ఉంచారు. ఒకరు షిఫ్టు ఇన్‌ఛార్జి గురుప్రసాద్. రెండోవాడు కాంట్రాక్టు కూలీ నాగబాబు.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది ఆ మందుల ఫ్యాక్టరీ. నాగబాబుది ఆ ఒడ్డునే ఉన్న ఊరు. చేపల వేట సాగక, మూడేళ్ల కిందట అక్క గౌరి మొగుడు యుగంధర్‌తో కలిసి ఇందులో చేరాడు. బావా బావమరుదులు అంతకు ముందు ఒకే పడవ మీద వేటకెళ్లేవారు. ఫ్యాక్టరీలోనూ ఒకే షిఫ్టు అడిగి తీసుకున్నారు.

సెప్టెంబరులో యుగంధర్ చచ్చిపోయాడు.

హెచ్చెఫ్ చూడ్డానికి మంచినీళ్లలాగే ఉంటుంది, కానీ గాజును కూడా తినేస్తుంది. వేరే యాసిడ్ మీద పడితే ఒళ్లు భగ్గుమంటుంది, మనిషి పరుగెత్తి నీళ్ల కింద నిలబడతాడు. ఇది పలచగా ఉంటే పడినట్టే తెలీదు. చర్మం దాటి, మాంసం దాటి ఎముక దాకా దిగుతుంది. కొన్ని గంటలు పోయాక నొప్పి మొదలవుతుంది. ఒంట్లో కాల్షియాన్ని లాగేస్తుంది. ఆఖరికి గుండె ఆగిపోతుంది. అందుకే దాని దగ్గరికెళ్లే ముందు ప్రతి గ్లౌజుకీ పరీక్ష ఉంటుంది. గ్లౌజును విదిలించి గాలి నింపి, మణికట్టు దగ్గర చుట్ట చుట్టి, చెంప దగ్గర పెట్టుకుని నొక్కాలి. సూదిమొనంత చిల్లున్నా చెంపకి గాలి తగులుతుంది.

ఆ రోజు ఆ పరీక్ష చేయాల్సింది నాగబాబు. ట్యాంకర్ గేటు దగ్గర ఆగి ఉంది, తొందరగా కానివ్వమన్నాడు గురుప్రసాద్. నాగబాబు పద్నాలుగో నంబరు జత తీసి చూడకుండానే బావ చేతికిచ్చాడు. ట్యాంకర్ గొట్టం బిగించేచోట యాసిడ్ కారింది. గ్లౌజుల్లోకి దిగిన యాసిడ్ రెండు గంటలు చేతుల్ని నానబెట్టింది. వేళ్లు తిమ్మిరెక్కాయి, జెల్ ఇమ్మని యుగంధర్ బతిమాలినా గురుప్రసాద్ విరుగుడు కాల్షియం జెల్ ఉన్న బీరువా తెరవలేదు. తెరిస్తే ప్రమాదమని రిజిస్టర్లో రాయాలి. మామూలు కాలిన గాయాల మందు రాసి ఇంటికి పంపాడు. మర్నాటి ఉదయానికి యుగంధర్ లేడు.

"మీ బావ గ్లౌజులు వేసుకోలేదని రాసి సంతకం పెట్టు," అన్నాడు గురుప్రసాద్. "చిల్లు గ్లౌజులని రాస్తే, పరీక్ష చెయ్యనిది నువ్వే. కేసు నీ మీదకొస్తుంది."

నాగబాబు సంతకం పెట్టాడు. ఆ గ్లౌజుల్ని తన చేతులతోనే వెనకాల సున్నం గుంటలో పాతిపెట్టాడు. ఆ తరవాత అక్క ఇంటికెళ్లినప్పుడల్లా గుమ్మం బయటే నిలబడి మాట్లాడి వచ్చేసేవాడు.

తుఫాను రోజు ఆదివారం. మధ్యాహ్నం మూడింటికే ఆకాశం సీసం రంగుకి తిరిగింది. గాలి ఒక పక్కనుంచే కొడుతోంది. రేకుల షెడ్డు మొత్తం దగ్గుతున్న ముసలాడిలా గడగడలాడుతోంది. కంట్రోల్ రూంలో తడి సిమెంటు వాసన, ఫ్లాస్కులో చల్లారిన టీ వాసన. గురుప్రసాద్ కుర్చీలో కూచుని బల్ల మీద వేళ్లతో ఏదో తాళం వేస్తున్నాడు. ఆయనది రామతీర్థం. తాతల కాలం నుంచి గుళ్లో మృదంగం వాయించే కుటుంబం.

"వెనక తీగ మీద గ్లౌజులున్నాయి. ఎగిరిపోతాయి. లోపలికి తెచ్చెయ్యి," అన్నాడు.

నాగబాబు వంగి, గోడ పట్టుకుని నడుస్తూ వెనక్కి వెళ్లాడు. తీగ మీద క్లిప్పులకు వేలాడుతున్న గ్లౌజులు గాలికి పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి. ఒకదాన్నొకటి చరుస్తున్నాయి. గబగబా తీసి చంకలో పెట్టుకుంటూ చివరికొచ్చాడు.

చివరి జత కదలడం లేదు.

అంత గాలిలో అవి నిటారుగా, బరువుగా, వేళ్లు కిందికి చాచి వేలాడుతున్నాయి. లోపల చేతులున్నట్టు. మణికట్టు మీద తెల్ల పెయింటుతో అంకె ఉంది. పద్నాలుగు. దాని మీద ఇంకా సున్నం అంటుకుని ఉంది.

నాగబాబు వాటిని ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి చూడకుండా లోపలికొచ్చి, చంకలోవి బల్ల మీద పడేశాడు.

కుప్ప పైన పద్నాలుగో నంబరు జత ఉంది.

"ఇదేంటి?" అన్నాడు గురుప్రసాద్. ముఖం నల్లబడింది. "పాతిపెట్టమన్నాను కదా."

"పాతీసినాను సార్."

"మరిక్కడికెలా వచ్చాయి? అక్కతో కలిసి ఆటలాడుతున్నావా?"

గురుప్రసాద్ కుడి చేతి గ్లౌజు లాక్కున్నాడు. చిల్లే లేదని తేల్చేసేవాడిలా విదిలించి, గాలి పట్టి, చుట్ట చుట్టి, చెంప దగ్గర పెట్టుకుని నొక్కాడు.

నొక్కినవాడు అలాగే ఉండిపోయాడు.

గ్లౌజు చదునైపోయింది. లోపల గాలి లేదు. అయినా ఆయన చెంప మీది వెంట్రుకలు కదులుతున్నాయి. ఆగి... మళ్లీ కదిలి... ఆగి... ఊపిరిలా.

"వెచ్చగా ఉంది," అన్నాడు గురుప్రసాద్ మెల్లగా.

అప్పుడు గ్లౌజులోంచి మాట వినిపించింది. సూదిమొనంత చిల్లులోంచి వచ్చే గొంతు ఎంత సన్నగా ఉంటుందో అంత సన్నగా.

"సార్... జెల్ ఇయ్యండి సార్..."

కరెంటు పోయింది.

గురుప్రసాద్ గ్లౌజును విసిరికొట్టాడు. అది గోడకి తగిలి కింద పడలేదు. గోడకి అయిదు వేళ్లు ఆనించి అక్కడే ఉంది. కిటికీ అద్దం మీద బయటి నుంచి ఎవరో అరచెయ్యి పెట్టినట్టు తెల్లటి మచ్చ లేచింది. ఆవిరిలా లేదు. అద్దాన్నే తినేస్తూ లోపలికి దిగుతోంది. ఒక చెయ్యి... ఇంకో చెయ్యి... కాసేపటికి అద్దమంతా గరుకెక్కి తెల్లబడిపోయింది. బయట ఏముందో కనబడలేదు.

తలుపు దానంతటదే విరిగి పడింది. నీళ్లు లోపలికి కొట్టాయి. ఆ నీళ్లలో రబ్బరు బూట్ల చప్పుడు. చప్... చప్... మనిషి లేడు.

బల్ల ఎగిరి పడింది. గురుప్రసాద్ ఎవరో గెంటేసినట్టు వెనక్కి పోయి బీరువాకి కొట్టుకున్నాడు. తల పగిలి రక్తం కళ్లలోకి కారింది. ఆయన చేతులు రెండూ ఎవరో లాగినట్టు ముందుకు చాపుకున్నాయి. గోడ మీది గ్లౌజు, నేల మీది గ్లౌజు పాకుతూ వచ్చాయి. ఆయన పిడికిళ్లు బిగించాడు. ఒక్కొక్క వేలూ విరిచి తెరిచాయవి. విరుగుతున్న చప్పుడు గాలి హోరులోనూ నాగబాబుకి వినిపించింది. తెరిచిన వేళ్ల మీదికి గ్లౌజులు మోచేతుల దాకా ఎక్కాయి.

"నాగబాబూ... లాగెయ్..."

నాగబాబు లేవబోయాడు. ఏదో గొంతు మీద పడింది. వీపు నేలకి కొట్టుకుని పక్కటెముక పుటుక్కుమంది. ముఖం మీద ఊపిరి. చేపల బుట్ట వాసన, దాని వెనక ముక్కు కాల్చే ఘాటు.

"గ్లౌజులు ఏసుకున్నానా, నేదా?"

అది బావ గొంతే. పడవ మీద వల లాగేటప్పుడు పిలిచే గొంతు.

"ఏసుకున్నావు బావా..."

"ఎవులిచ్చినారు?"

"నేనే ఇచ్చినాను. గాలి పట్టి సూడనేదు. నువ్వు ఏసుకోనేదని అబద్దం రాసినాను. ఒగ్గీ బావా... అక్కకి సెప్తాను. అందరికీ సెప్తాను."

గొంతు మీది బరువు కాసేపు అలాగే ఉంది. ఏదో ఆలోచిస్తున్నట్టు. తరవాత లేచిపోయింది.

గురుప్రసాద్‌ని మాత్రం వదల్లేదు. వెల్లకిలా పడినవాణ్ని చేతులు పట్టుకుని గుమ్మం మీంచి, రాళ్ల మీంచి యార్డులోకి ఈడ్చుకుపోయింది. చొక్కా చిరిగి వీపు తోలు లేచిపోయింది. ఖాళీ ట్యాంకు కింద, గొట్టం బిగించే చోట పడేసి ఆగింది.

నాగబాబు పారిపోయి ఉండొచ్చు. గేటు వంద అడుగులే. ఎందుకు పారిపోలేదని తరవాత పోలీసులు అడిగినప్పుడు అతను సరిగా జవాబు చెప్పలేకపోయాడు. నెల కిందట బావ జెల్ కోసం బతిమాలుతుంటే పక్కనే ఉండి ఊరుకున్నాడు. రెండోసారి ఊరుకోవడం అతని వల్ల కాలేదు.

తన తొమ్మిదో నంబరు జత తీశాడు. గాలి పట్టి, చెంపకి పెట్టుకుని చూశాడు. బాగున్నాయి. తొడుక్కుని, ముఖానికి షీల్డు పెట్టుకుని, పక్కటెముక పట్టుకుని యార్డులోకి వెళ్లాడు. గురుప్రసాద్‌ని జబ్బల కింద పట్టుకుని యాసిడ్ పడితే కడుక్కునే షవర్ కిందకి లాగాడు. కరెంటు లేకపోయినా మీది ట్యాంకులో నీళ్లున్నాయి. గ్లౌజులు లాగితే రాలేదు. కత్తితో నిలువునా కోశాడు. కోసిన రబ్బరు కింద నుంచి తెల్లటి పొగ లేచింది.

ట్యాంకులో చుక్క యాసిడ్ లేదు. పైపుల్లో లేదు. అయినా గ్లౌజుల్లోంచి నీళ్లలాంటిది ధారగా కారింది.

వేళ్లు తెల్లగా, రాయిలా ఉన్నాయి. నాగబాబు ఆ చేతుల్ని నీళ్ల కిందే పట్టుకుని కూచున్నాడు. తరవాత బీరువా తలుపు గడ్డపారతో పగలగొట్టి, ఉన్న జెల్ ట్యూబులన్నీ తెచ్చి రాశాడు. రుద్దాడు. మళ్లీ రాశాడు. నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే, రోడ్డంతా చెట్లు పడ్డాయి, రేపటిదాకా బండి రాదన్నారు.

"నొప్పేం లేదు," అన్నాడు గురుప్రసాద్. కళ్లలో ఆశ. "నాగబాబూ, నొప్పి లేదయ్యా."

నాగబాబు తల తిప్పుకున్నాడు.

అయిదు దాటాక మొదలైంది. ముందు గోళ్ల కింద అన్నాడు. తరవాత ఎముకల్లో అన్నాడు. తరవాత మాటలు లేవు. కింది పెదవిని తన పళ్లతోనే కొరికేసుకున్నాడు. చేతుల్ని నేలకేసి కొట్టుకున్నాడు. నరికెయ్యమని, గడ్డపారతో కొట్టెయ్యమని కళ్లతో అడిగాడు. ఒళ్లు విల్లులా లేచి పడింది. లేచి పడింది. నాగబాబు ఆయన మీద అడ్డంగా పడుకుని అదిమి పట్టుకున్నాడు. ఛాతీ కింద గుండె తప్పటడుగులు వేయడం తెలుస్తోంది. రెండు దెబ్బలు... ఆగి ఒకటి... మళ్లీ...

ఆ తరవాత లేదు.

తుఫాను మర్నాడు తగ్గింది. నాగబాబు పోలీసులకి అంతా చెప్పాడు. గ్లౌజుల మాట, జెల్ మాట, తన సంతకం మాట. తుఫాను రోజు ఏం జరిగిందో కూడా చెప్పాడు. రాసుకుంటున్నాయన అక్కడ పెన్ను ఆపాడు. పాత గ్లౌజుల్లో యాసిడ్ మిగిలి ఉంటుందని తనే రాసుకున్నాడు. సాయంత్రం నాగబాబు అక్క ఇంటికెళ్లి, గుమ్మం దాటి లోపల కూచుని చెప్పాడు. గౌరి ఏడవలేదు, తిట్టలేదు. విన్నంతసేపూ విని, "ఇంకెపుడూ ఈ గుమ్మం తొక్కకురా తమ్మీ," అంది.

మూడో రోజు గురుప్రసాద్ భార్య విశాలి ఆసుపత్రికి వచ్చింది. శవాన్ని గుర్తుపట్టాలి. ఆఖరి గంటల్లో దగ్గరున్నవాడు కాబట్టి నాగబాబుని కూడా పిలిపించారు. గది చల్లగా, ఫినాయిలు వాసన. కాంపౌండరు ముఖం మీది గుడ్డ తీశాడు. ఆవిడ తల ఊపింది. కళ్లు తుడుచుకుంది. చేతుల మీది గుడ్డ కూడా తానే తొలగించి, ఆయన చెయ్యి పట్టుకుంది.

పట్టుకుని చాలాసేపు చూసింది. తిప్పి అరచెయ్యి చూసింది. రెండో చెయ్యి కూడా చూసింది. మెల్లగా కింద పెట్టింది.

"ముఖం ఈయనదే," అంది విశాలి. గొంతు పెరగలేదు. "ఈ చేతులు ఈయనవి కావు."

కాంపౌండరు ఏదో సర్దిచెబుతున్నాడు. కాలితే అలాగే మారిపోతాయమ్మా అంటున్నాడు. నాగబాబుకి వినపడడం లేదు. అతను అరచేతుల్నే చూస్తున్నాడు. తెల్లబడిన చర్మం మీద, బొటనవేలి మొదలు నుంచి చిటికెన వేలి దాకా లోతుగా, అడ్డంగా పాత గాట్లు. ఏళ్ల తరబడి తడి వలతాడు లాగిన చేతులకే పడతాయవి.