ఖాళీ బల్ల మీద స్కాన్

మా స్కానింగు విభాగం ఆసుపత్రి సెల్లారులో ఉంటుంది. కిటికీలు లేవు. పగలైనా రాత్రైనా అవే ట్యూబులైట్లు, అదే ఫినాయిల్ వాసన, గోడలో ఎక్కడో ఏసీ ఊపిరి తీస్తున్న చప్పుడు. రోగికి సూదితో కొంచెం రేడియోధార్మిక మందు ఎక్కిస్తాం. అది ఒళ్లంతా తిరిగి, కొన్ని రకాల గడ్డల్ని వెతికి పట్టుకుని అతుక్కుంటుంది. గంట తర్వాత యంత్రంలో పడుకోబెడితే గడ్డ ఉన్నచోటల్లా బొమ్మలో చుక్క మెరుస్తుంది. ఆ బొమ్మ చదివి చెప్పే డాక్టర్ని నేను.

పోయిన ఏడాది ఒకావిడ వచ్చింది. నీటి సరఫరా శాఖలో ఇంజనీరు. భూమిలోపల పైపు ఎక్కడ పగిలిందో కనిపెట్టడం ఆవిడ పని. లివరు నిండా చిన్న చిన్న గడ్డలు. హార్మోన్లు కక్కే రకం క్యాన్సరు, నింపాదిగా పాకుతుంది. మాట్లాడుతూ ఉండగానే ఆ హార్మోన్లకి ఆవిడ ముఖం ఎర్రగా జేవురించేది. అది లివర్లో పుట్టినది కాదని అందరికీ తెలుసు. ఎక్కడ పుట్టిందో తేల్చమని నా దగ్గరికి పంపారు.

"తడి కనిపించిన చోట తవ్వితే లాభం లేదు డాక్టరు గారూ," అంది నవ్వుతూ. "మొదలు ఇంకెక్కడో ఉంటుంది. అది పట్టుకోండి చాలు."

ఆ సాయంత్రం బొమ్మ చూస్తుంటే మా సీనియర్ టెక్నీషియన్, మేమందరం అక్కా అని పిలిచే ఆవిడ, పొట్ట కుడివైపు కింద మినుకుమంటున్న ఒక చుక్క మీద వేలు పెట్టింది. చిన్నపేగు చివర. పేగుల్లో అలాంటి మెరుపులు మామూలే అన్నాను. ఇంకోసారి చూడమంది. పక్కన జూనియర్లున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"బొమ్మ తీయడం మీ పని అక్కా. చదవడం నా పని."

మొదలు దొరకలేదని రాసి సంతకం పెట్టాను. నాలుగు నెలలకి సరిగ్గా ఆ చోటే పేగు మూసుకుపోయి, ఆపరేషను దాకా కూడా వెళ్లకుండా ఆ ఇంజనీరు చనిపోయింది. కబురు తెలిసిన రోజు పాత బొమ్మ తెరిచి చూశాను. చుక్క అక్కడే ఉంది. గుడ్డివాడికైనా కనిపించేలా ఉంది. ఎవరికీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. అక్క కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదేమో.

పోయిన మంగళవారం మధ్యాహ్నం. యంత్రం బాగుచేసిన మనిషి, ఒకసారి ఖాళీ బల్లతో నడిపి చూడమని చెప్పి వెళ్లాడు. అక్క భోజనానికి వెళ్లింది. నేనొక్కణ్నే ఉన్నాను. అద్దం అవతలి గదిలో తెల్ల దుప్పటి పరిచిన బల్ల మెల్లగా యంత్రంలోకి జారింది.

తెర నల్లగానే ఉండాలి.

బొమ్మ తొడల దగ్గర మొదలై పైకి పాకింది. ముందు, మందు బయటికి పోయే దారిలోని మూత్రాశయం మసగ్గా వెలిగింది. తర్వాత, కుడివైపు కింద... ఒక చుక్క.

ఒక్కటే. నిప్పుకణికలా.

ఆపైన మూత్రపిండాలు. ఇంకా పైన, ఆవాలు చల్లినట్టు చుక్కలు నిండిన లివరు. ఆ లివరు నాకు తెలుసు. ఎనిమిది నెలలుగా కళ్లు మూసుకుంటే అదే. మేం ఎక్కించే మందు గంటకి సగమైపోతుంది, మర్నాటికి జాడైనా ఉండదు. అద్దంలోంచి చూశాను. బల్ల మీద ఎవరూ లేరు. కానీ దుప్పటి నడుము దగ్గర నొక్కుకుపోయి ఉంది... మనిషి బరువుకి నొక్కుకున్నట్టు.

స్పీకరు గరగరలాడింది.

"డాక్టరు గారూ... కదలొచ్చా?"

వేలు దానంతటదే మైకు మీట నొక్కింది. వేలమందికి చెప్పిన మాటే బయటికొచ్చింది.

"ఇంకొంచెం... ఓపిక పట్టండి."

ఏసీ చప్పుడు ఆగినట్టుంది.

"ఈసారి... కనిపించిందా?"

మీట మీంచి వేలు తీసేశాను.

వెనక తలుపు తెరుచుకుంది. అక్క. తెర వంక చూసింది. ఆశ్చర్యపోలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. పొద్దున్నే ఖాళీ బల్లతో పరీక్షించే ప్రతిసారీ, నాలుగు నెలలుగా ఇదే వస్తోందట. నా కంట పడకుండా ఏ రోజుకారోజు చెరిపేస్తోందట.

"మీరు తట్టుకోలేరని, సార్," అంది. "ఆవిడ మాత్రం రోజూ మీ కోసమే అడుగుతుంది."

అప్పటికప్పుడు ఫైలు తెరిచి, ఆవిడ భర్త నంబరుకి ఫోను చేశాను. చుక్క ఉందని, అక్క చూపించినా పొగరుతో కొట్టిపారేశానని, అప్పుడే రాసి ఉంటే ఆ పేగు ముక్క కోసి తీసేసేవారని, ఇన్నాళ్లూ నోరు మెదపలేదని, ఏదీ దాచకుండా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఆయన, పక్కింటివాళ్లతో మాట్లాడినంత మామూలుగా అన్నాడు.

"ఇదంతా నాకెందుకండీ చెబుతారు? ఉండండి, మా ఆవిడకే ఇస్తాను."

ఫోను చేతులు మారిన చప్పుడు వినిపించింది.