రెండో సంతకం

కళ్ళజోళ్ళ షాపులో నా పని వెనక గదిలో. ముందు గదిలో ఫ్రేముల బీరువాలు, ఏసీ, ఓనరు గారి నవ్వు. వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను, నేను. పదకొండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కళ్ళకి అద్దాలు బిగించిపెడుతున్న నాకు లేనివి కనబడుతున్నాయని ఒక కాగితం మీద మూడు సంతకాలు పడ్డాయి. మొదటిదీ మూడోదీ ఎవరివో నాకు తెలుసు, వాళ్ళని తిట్టుకోవడానికి ఈ జన్మ సరిపోదు. నేను చెప్పబోయేది రెండో సంతకం గురించి.

ఆరు నెలల కిందట ఒక ఆర్డరు వచ్చింది. కుడికన్ను మైనస్ పది, ఎడమకన్ను మైనస్ పదమూడు. మామూలు చూపున్నవాడు ఆ అద్దాలు పెట్టుకుంటే ఎదురుగా ఉన్న తలుపు కూడా ఆనదు, కళ్ళు తిరుగుతాయి. అంత పవరున్న అద్దాన్ని మిషను మీద అరగదీస్తే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని పూర్తిచేశాను. ఎడమ మడత దగ్గర స్క్రూ ఊడిపోతే, సరిపడేది దొరక్క, సన్నటి రాగి తీగ దూర్చి మెలిపెట్టాను. తీసుకోవడానికి ఎవరూ రాలేదు. ఆర్డరిచ్చిన మనిషి ఎలా ఉన్నాడో ఓనరుకి గుర్తులేదు. మూడు నెలలు చూసి, పారెయ్యమన్నాడు. ఫ్రేము బాగుందని ఇంటికి తెచ్చి సొరుగులో పెట్టాను. అంతకంటే నేను చేసిన నేరం ఏమీ లేదు.

వారం తిరక్కముందే సొరుగులో కళ్ళజోడు మాయమైంది. ఆ మర్నాడు, మిట్టమధ్యాహ్నం, మా ముందు గదిలో కిటికీ పక్కనున్న కుర్చీలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. నీటుగా టక్ చేసుకుని, ఆ కళ్ళజోడు పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని. గదంతా ఆ కుళ్ళిన వాసన. నేను కెవ్వుమంటే మా అన్నయ్య వంటగదిలోంచి వచ్చి, సరిగ్గా ఆ కుర్చీలోనే కూర్చుని, "ఏమయిందే?" అన్నాడు.

ఇంట్లో మేమిద్దరమే. అన్నయ్య నాకంటే ఆరేళ్ళు పెద్ద. నోట్లో నాలుక లేనివాడని అందరికీ జాలి. ఆ జాలి నాకు లేదు. ఏం చెప్పినా "సరే, చూద్దాంలే" అనే మనిషితో ఒక కప్పు కింద బతికితే తెలుస్తుంది. ఆ గదిలో ఎవరో ఉన్నారంటే చూద్దాంలే అన్నాడు. నిద్ర పట్టడం లేదంటే చూద్దాంలే అన్నాడు. చివరికి ఒళ్ళుమండి సుత్తి తీసుకుని ఆ కుర్చీని నాలుగు ముక్కలు చేశాను. మర్నాడు ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. అన్నయ్య మాత్రం ఆ విరిగిన కుర్చీని చూసి హడలిపోయి, నాకు తెలియకుండా వెళ్ళి, నన్ను మానసిక ఆసుపత్రిలో చేర్చమని అర్జీ పెట్టి వచ్చాడు.

ఒక గురువారం మధ్యాహ్నం మూడింటికి తలుపు చప్పుడయింది. అన్నయ్య తీశాడు. లోపలికి వచ్చింది ఇద్దరు. అలాంటి అర్జీలు విచారించే, ఫైలు పట్టుకున్న ఒక ఆఫీసరమ్మ, ఇదివరకు ఒకసారి నాకు నిద్రమాత్రలు రాసిచ్చిన ఆవలింతల డాక్టరు. వీధిలో ఆంబులెన్సు ఆగి ఉంది. అది చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆఫీసరమ్మ ఎదురుగా కూర్చుని, వెయ్యిసార్లు చెప్పిన మాటలు మళ్ళీ చెప్పింది.

"మీ దగ్గరి బంధువు అర్జీ పెట్టుకున్నారమ్మా. చట్టం ప్రకారం మిమ్మల్ని ఇద్దరు డాక్టర్లు చూడాలి. ఒకరు మిమ్మల్ని ఎరిగినవారు. రెండోవారు మిమ్మల్ని గానీ, ఈ డాక్టరుగారిని గానీ ఎరగనివారై ఉండాలి. ఎవరి పక్షమూ వహించకూడదని ఆ ఏర్పాటు. ఇద్దరూ అవసరమని రాసి, నేను కూడా ఒప్పుకుంటే, మీకిష్టం లేకపోయినా ఇరవై ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంచొచ్చు."

"రెండోవారు ఏరీ?"

"వచ్చి కూర్చున్నారుగా" అని ఆమె కిటికీ వైపు చూపించింది.

స్టూలు మీద ఆయన.

మూడు నెలలుగా నాకు తప్ప ఎవరికీ కనబడనివాడికి ఆఫీసరమ్మ నమస్కారం పెట్టింది. ఆవలింతల డాక్టరు తలూపాడు. ఆయన వీళ్ళతోనే వచ్చాడని అన్నయ్య అనుకున్నాడు. ఆయన్ని అన్నయ్య ముందే లోపలికి రానిచ్చాడని వీళ్ళు అనుకున్నారు. రెండో డాక్టరు ఎప్పుడూ కొత్తమనిషే, విడిగానే వస్తాడు, కాబట్టి మీరెవరని అడిగే అలవాటు వీళ్ళకి లేదు.

"మంచినీళ్ళు ఇమ్మంటారా డాక్టరుగారూ?" అన్నాడు అన్నయ్య ఆయనతో.

ఎంత పిచ్చిదాన్నో చూడండి, ఒక్క క్షణం సంతోషమేసింది. చూశావా, ఉన్నాడు, నీక్కూడా కనబడ్డాడు... అని అరవాలనిపించింది. ఆ వెంటనే అర్థమైంది. ఆ మాట అంటే నా పని అయిపోయినట్టే.

ఆవలింతల డాక్టరు మొదలుపెట్టాడు. ఇవాళ తారీఖెంత. నిద్ర ఎలా ఉంది. ఆకలేస్తోందా. ఎవరూ లేనప్పుడు మాటలు వినబడుతున్నాయా. ఎవరినైనా కొట్టాలనిపిస్తోందా. మీ మొహం చూస్తే అనిపిస్తోంది అనబోయి మింగేశాను. అన్నిటికీ బుద్ధిగా జవాబులు చెప్పాను. ఆఫీసరమ్మ మొహం కాస్త మెత్తబడింది. ఆమె నా వైపు మొగ్గుతోందని తెలుస్తూనే ఉంది. ధైర్యం చేసి, కిటికీ వైపు తిరిగి అడిగాను.

"మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంతండీ?"

ఆవలింతల డాక్టరు 'అనుమానం ఎక్కువ' అని రాసుకున్నాడు. ఆయన రాసేది తలకిందులుగా చదవగలను నేను, కళ్ళ డాక్టర్ల చీటీలు చదివి చదివి వచ్చిన విద్య.

అప్పుడు స్టూలు మీది మనిషి కదిలాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. జోడు లేని కళ్ళతో ఎటో చూస్తూ, చేత్తో గోడ తడుముకుంటూ లేచి, నాలుగడుగులు వేసి, అన్నయ్య కుర్చీ వెనక నిలబడ్డాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఎడమ మడత దగ్గర రాగి తీగ మెరిసింది. కుళ్ళిన వాసన...

గొంతు పెద్దగా లేదు. గుసగుసలాగే ఉంది.

"నీకు కనబడే మనిషి, ఇప్పుడు ఈ గదిలో ఉన్నాడా అమ్మాయీ?"

రెండు పెన్నులూ ఆగాయి. లేడు. ఆ ఒక్క మాట చాలు, వీళ్ళు దులుపుకుని వెళ్ళిపోతారు. నా నాలుక చివర ఉంది ఆ మాట.

ఆయన చెయ్యి మెల్లిగా అన్నయ్య భుజం మీదికి వచ్చింది. వేళ్ళు బిగుసుకున్నాయి. అన్నయ్య ఆ చేతిని చూసి, డాక్టరుగారు ఓదారుస్తున్నారనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

అన్నయ్యంటే నాకు ఒళ్ళుమంట. అర్జీ పెట్టినందుకు ఇంకా మంట. కానీ అమ్మ పోయినప్పుడు ఏడాదిపాటు నాకు జడ వేసింది ఆ చేతకానివాడే.

"ఉన్నాడు" అన్నాను.

"ఎక్కడ?"

"అన్నయ్య వెనక. అన్నయ్యా, లే అక్కణ్ణించి. లేచి ఇటు రా."

అందరూ నన్ను చూశారు. జాలిగా. ఆఫీసరమ్మ ఫైలు తెరిచింది. ఆవలింతల డాక్టరు సంతకం చేశాడు. ఆ తరవాత ఆయన, రెండో చేత్తో. చివర ఆమె. పెన్నుకి మూతపెట్టి, అప్పీలు చేసుకునే హక్కు మీకుంది అని చదివి వినిపించింది. అన్నయ్య గుమ్మంలో నిలబడి, "నీ మంచికే బుజ్జీ" అన్నాడు. అన్నయ్య భుజం మీద ఆ చెయ్యి అలాగే ఉంది. ఆంబులెన్సు తలుపు మూసేదాకా తియ్యలేదు.

ఆసుపత్రి గురించి పెద్దగా చెప్పను. బెల్టు తీసుకున్నారు, దువ్వెన తీసుకున్నారు, గదికి బయట తాళం వేశారు. తలుపులో చిన్న అద్దం. పదిహేను నిమిషాలకొకసారి నర్సమ్మ అందులోంచి చూసి, తలుపుకి వేలాడే కాగితంలో టైమూ, నేనేం చేస్తున్నదీ రాసిపోతుంది. మొదటి రోజు తలుపు గుద్ది గుద్ది చేతులు వాచాయి. మూడో రోజుకి ఒక సంగతి గమనించాను. ఇక్కడ ఆ వాసన లేదు. మూడు నెలల తరవాత కంటినిండా నిద్రపోయాను. అయినా బయటపడాలనే ఉంది. అన్నయ్య ఒక్కడే ఉన్నాడు ఆ ఇంట్లో. ఫోను చేస్తే ఎత్తడం లేదు.

తొమ్మిదో రోజు ఆఫీసరమ్మ వచ్చింది. మొహంలో రక్తం లేదు. తలుపు దగ్గరగా వేసి, నా మంచం మీదే కూర్చుంది.

"అసలు రెండో డాక్టరుగారు ఆ రోజు మీ ఇల్లు దొరక్క వెనక్కి వెళ్ళిపోయారట. మా ఆఫీసుకి కబురు కూడా పెట్టారట. ఎవరూ నాకు చెప్పలేదు."

ఆమె కాగితం చూపించింది. రెండో సంతకం దగ్గర ఒక గీత. నంబరు రాయాల్సిన చోట 1013.

"ఇది ఏ డాక్టరు నంబరూ కాదు. మీకేమైనా తెలుసా?"

"పది, పదమూడు. అవి నేను చేసిన అద్దాలు."

ఆమె ఆ నంబరు మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. తరవాత చిన్నగా అంది, "నన్ను క్షమించండమ్మా. ఆయన మొహం గుర్తు తెచ్చుకుందామంటే... రాగి తీగ ఒక్కటే గుర్తొస్తోంది."

నమ్మింది. నా గుండెల మీంచి ఏదో దిగినట్టయి, సిగ్గులేకుండా ఏడ్చాను.

"ఈ కాగితం చెల్లదు. ఈ పూటే మీరు వెళ్ళిపోవచ్చు" అంది. "మీ అన్నయ్యగారు ఫోను ఎత్తారు. తీసుకెళ్ళడానికి వస్తున్నారు."

గంటలో వచ్చాడు. నీటుగా టక్ చేసుకుని. మా అన్నయ్య ఏనాడూ టక్ చెయ్యలేదు. ఆఫీసరమ్మ విడుదల కాగితం ఇచ్చి, చదివి సంతకం చెయ్యమంది. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

ఎడమ మడత దగ్గర రాగి తీగ.

మా అన్నయ్య కళ్ళు నేనే పరీక్ష చేశాను, మొన్న వేసవిలో. సున్నా పవరు. ఆ అద్దాల్లోంచి గోడ కూడా కనబడకూడదు. అతను ఆ కాగితం కిందనున్న చీమతలంత అక్షరాలు గడగడా చదివేశాడు. చదివి, నా వైపు చూశాడు.

"ఇంటికి పోదాం రా అమ్మాయీ."

పక్కన ఆఫీసరమ్మ ఆ రాగి తీగనే చూస్తోంది. ఆమె ఫైలులోంచి ఇంకో కాగితం లాగి నా ఒళ్ళోకి తోసింది. పెదాలు కదిలీ కదలకుండా అంది, "ఇది మీ ఇష్టంతో చేరే ఫారం. మీరు ఉంటానంటే ఎవరూ తీసుకెళ్ళలేరు. తొందరగా."

బయటపడాలని తలుపు గుద్దినదాన్ని, లాక్కుని సంతకం పెట్టాను. అతనేమీ గొడవ చెయ్యలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, గోడ తడుముకుంటూ నడవా చివరిదాకా వెళ్ళిపోయాడు. ఆ వెనకవైపు చూస్తే అచ్చం మా అన్నయ్యే. నేను పిలవలేదు. దానికి నన్ను నేను క్షమించుకోలేను.

ఆ రోజే నర్సమ్మ నా గది తాళం తీసుకుపోయింది. ఇష్టపడి చేరినవాళ్ళ గదికి తాళం వెయ్యకూడదట, రూలు. వెయ్యండి తల్లీ, మీకు దణ్ణం పెడతాను అన్నాను. "ఎంత మంచి మార్పో చూడండి, మీ తలుపు మీ చేతుల్లోనే ఉందిప్పుడు" అని నవ్వింది. తలుపుకి లోపలివైపు గొళ్ళెం లేదు.

నిన్న మధ్యాహ్నం ఒక గంట కునుకు పట్టింది. లేచి, తలుపుకి వేలాడే కాగితం చదివాను.

రెండు గంటలు, నిద్ర. రెండుంబావు, నిద్ర. రెండున్నర, నిద్ర, అన్నయ్య పక్కన కూర్చున్నారు. రెండుముప్పావు, నిద్ర, అన్నయ్య పక్కన కూర్చున్నారు.

నిన్న బయటివాళ్ళని రానిచ్చే రోజు కాదు. నర్సమ్మని అడిగితే, ఎప్పుడొచ్చారో తాను చూడలేదంది. లేపొద్దని సైగ చేశారట. ఎప్పుడు వెళ్ళారని అడిగాను. ఆమె కాగితం తిరగేసి, ఆ తరవాతి గళ్ళు వెతికింది. వెళ్ళినట్టు ఎక్కడా రాసిలేదు.