చెవిగాటు గొర్రె, నోరులేని గిటార్

"నా గొర్రెను మింగినోళ్ళెవరో మర్యాదగా బయటికి రాండి. మీ కడుపులో ఉన్నా సరే, చెవి చూస్తే గుర్తుపడతా నేను."

పుల్లయ్య వీధి మధ్యలో నిలబడి ఇట్లా అరవడం ఇది మూడో రోజు. మొదటి రోజు కుక్కల మీద, కుక్కల్ని పెంచేవాళ్ళ మీద పడ్డాడు. రెండో రోజు బేస్తవారిపేటలో బిర్యానీ అమ్మే ప్రతివాడినీ అనుమానించాడు. ఈ రోజు వీధిలో ఇళ్ళను వరసపెట్టి పేరుపేరునా పిలుస్తున్నాడు. ఎదురింటి ఆదిశేషు పొయ్యి మీద నుంచి గురువారం మసాలా వాసన వచ్చిందట.

ఆదిశేషు గడప మీద కూర్చుని వేపపుల్ల నములుతూ, "అది చేపల పులుసు బావా. చేపలకు చెవులుండవు," అన్నాడు.

"చేపలని నువ్వంటావు," అన్నాడు పుల్లయ్య.

పోయింది ఒక్క గొర్రె. మందలో మిగతావన్నీ ఉన్నాయి. కానీ ఆ ఒక్కటి చెవిగాటు గొర్రె. మందలున్న ఆ ఇళ్ళలో ఆడపిల్లకు చెవులు కుట్టించిన రోజే ఒక ఆడ గొర్రెపిల్ల చెవికి కూడా గాటు పెట్టి, ఇది పాపది అని నలుగురిలో చెబుతారు. అప్పటినుంచి ఆ గొర్రె, దాని సంతానం ఆ పిల్లవే. దాని కడుపున పుట్టేవాటికీ అదే గాటు పడుతుంది. వినడానికి ఎంతో బాగుంటుంది. పుల్లయ్య కూతురు వెన్నెలకు ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆమె గొర్రె సంతతిలో పుట్టిన పొట్టేళ్ళు ఏటేటా సంతకు పోయాయి. అమ్మేముందు ఆమెను అడిగిన మనిషి ఆ ఇంట్లో లేడు.

ఆ సంతతికి ఒక కథ కూడా ఉంది. కుంటిదని సంతలో ఎవరూ కన్నెత్తి చూడని గొర్రెను పుల్లయ్య కొన్నాడు. ఇంటికి తెచ్చి గిట్టలో ముల్లు తీశాడు. మర్నాటికి అది పరుగెత్తింది. సగం మంద దాని కడుపునే పుట్టింది. ఈ కథ వినని మనిషి ఊళ్ళో లేడు. వెన్నెలైతే అన్నం ముద్దలతో పాటు మింగింది.

పుల్లయ్య దొంగ కోసం వీధంతా గాలిస్తుంటే, దొంగ సొంత ఇంటి వెనక నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి తోమిన పళ్ళనే మళ్ళీ తోముతోంది.

అప్పుడే దొడ్లో జొన్నచొప్ప లాగుతున్న పుల్లయ్య భార్య యల్లమ్మ చేతికి గోనెపట్టా తగిలింది. పట్టాలో దుప్పటి ఉంది. దుప్పటిలో కూతురి చున్నీ ఉంది. చున్నీలో గిటార్ ఉంది. తేనెరంగు చెక్క, అంచుల్లో నలుపు. రెండు చోట్ల రంగు లేచిపోయింది. మెడ చివర కంపెనీ పేరు ఉండాల్సిన చోట రెండు చిన్న రంధ్రాలు మాత్రం మిగిలాయి.

"ఏమే వెన్నెలా, చొప్పలో ఇదేందే?"

వెన్నెల నోట్లో నురగతోనే చెప్పేసింది. "గిటార్ మా. గొర్రెనిచ్చి తెచ్చుకున్నా."

యల్లమ్మ చొప్ప మీదే కూలబడి మొగుణ్ణి కేకేసింది. పుల్లయ్య ఆదిశేషు విచారణ సగంలో వదిలేసి వచ్చాడు.

"శ్యాంసన్ మామ దగ్గరుంది గొర్రె," అంది వెన్నెల. "గురువారం మార్చుకున్నాం."

శ్యాంసన్ ఊరి చివర ఉండే పాత ఆర్కెస్ట్రా మనిషి. ఒకప్పుడు మార్కాపురం, గిద్దలూరు పెళ్ళిళ్ళలో గిటార్ వాయించేవాడు. ఇప్పుడు వేళ్ళు వంగవు. నోటితో చెప్పి చెప్పి, ప్రార్థన మందిరం గిటార్ మీద నాలుగేళ్ళుగా వెన్నెలకు నేర్పుతున్నాడు. ఆ సంగతి ఇంట్లో తెలుసు. గొర్రె సంగతే తెలియదు.

"రేపు గిద్దలూరు ఆర్కెస్ట్రావాళ్ళు రమ్మన్నారు నాయనా. పెళ్ళిళ్ళ సీజనంతా పని. సొంత గిటార్ ఉంటేనే తీసుకుంటారంట."

పుల్లయ్య ఆ మాట పట్టించుకోలేదు. కొత్త జీవం ఇంటికొస్తే ఏం చేస్తాడో అదే చేశాడు. "ఏదీ, అరిపించు," అన్నాడు.

వెన్నెల తీగ మీటింది. దోమ వచ్చి పోయినట్టయింది.

"ఇంకోసారి."

"అంతే నాయనా. ఇది కరెంటు గిటార్. శబ్దం పెట్టెలోనుంచి వస్తాది. పెట్టె వేరే కొనాల."

"అంటే గొర్రెను ఒకని దగ్గర కొని, దాని అరుపు ఇంకొకని దగ్గర కొనాల."

పుల్లయ్య తల్లి పోలమ్మ గోడ పట్టుకుని వచ్చి, చెక్కకు చెవి ఆనించి ఇంకోసారి మీటమంది. "లోపల ఏదో ఉందిలేరా," అంది.

"నీకు కుక్కర్ కూత కూడా రైలు మాదిరి వినపడతాది, నువ్వూరుకో అత్తా," అంది యల్లమ్మ. కూతురి వైపు తిరిగింది. "కొంటే మా అన్న కొడుకు నరేష్ మాదిరి కొనాల. మార్కాపురం నుంచి తెచ్చినాడు, ఎర్రగా, మంట బొమ్మతో. అద్దం మాదిరి మొగం కనపడతాది దాంట్లో."

"మొగం చూసుకునేదానికే పనికొస్తాది మా అది. ఆరు నెలలకే మెడ వంగింది. తీగ నొక్కితే వేళ్ళు కోసుకుపోతాయి. ఇది జపానులో చేసినారు, నలభై ఏళ్ళ కింద. ఎత్తి చూడు, ఆ బరువంతా చెక్కే. పేరున్న కంపెనీదైతే దీనికి బైకొస్తాది. పేరు రేకు ఊడిపోయింది, అందుకని ఎవడూ చూడడు. చూడకపోబట్టే నాకు గొర్రెకొచ్చింది."

"ఊళ్ళో ఎవురికీ కనపడనిది నీకొక్కదానికే కనపడిందా," అన్నాడు పుల్లయ్య. అసలు కోపం అప్పుడు బయటికొచ్చింది. "నా గొర్రెను, నాకొక మాట చెప్పకుండా..."

"ఎవరి గొర్రె నాయనా?"

పుల్లయ్య తువ్వాలు విదిలించి భుజాన వేసుకున్నాడు.

"చెవికి గాటు పెట్టేటప్పుడు నాదన్నారు. పొట్టేళ్ళు అమ్మేటప్పుడు మందదన్నారు. బోరు మోటారు కాలిపోతే నాది అమ్మినారు, మామ కూతురి పెళ్ళికి చీరలంటే నాది అమ్మినారు. నన్నొక్కరోజు అడిగినారా? నేను వీధిలో నిలబడి మిమ్మల్ని దొంగలన్నానా? నా గొర్రెను నేనిచ్చుకుంటే మాత్రం ఊరంతా దొంగలైపాయ."

"చెప్పుండచ్చు గదే," అంది యల్లమ్మ, గొంతు తగ్గించి.

"చెప్తే ఇచ్చేవాళ్ళా?"

జవాబు లేని మగవాడు నియమాల వెనక దాక్కుంటాడు. పుల్లయ్య కూడా అక్కడికే పోయాడు. గొర్రెల బేరంలో మూడు పొద్దుల మాట ఉంది. కొన్న జీవంలో లోపం కనిపిస్తే మూడో పొద్దు గుంకేలోపల తోలుకెళ్ళి ఇచ్చేయొచ్చు. ఇచ్చినవాడు కాదనకూడదు. గొర్రెతో మార్చుకున్నది కాబట్టి గిటార్‌కూ గొర్రె నియమమే అని పుల్లయ్య తీర్పు చెప్పేశాడు. అరవని జీవం లోపమున్న జీవం. గురువారం ఒకటి, శుక్రవారం రెండు, ఈ రోజుతో మూడు.

"రద్దు," అన్నాడు. గిటార్‌ను అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను మోసినట్టు రెండు చేతుల మీద ఎత్తుకుని బయలుదేరాడు. వెనక వెన్నెల కళ్ళనీళ్ళతో, ఆమె వెనక యల్లమ్మ చొప్ప దులుపుకుంటూ.

"దొరికిందా బావా?" అన్నాడు ఆదిశేషు, గడప మీదనుంచి కదలకుండా. "చెవి చూసినావా?"

శ్యాంసన్ ఇంటి ముందు మునగచెట్టుకు కట్టేసి ఉంది చెవిగాటు గొర్రె. పుల్లయ్యను చూడగానే శ్యాంసన్ భార్యకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"వచ్చినావా అన్నా. తోలుకపో. బంతిచెట్లు తినింది. ఈయన పాటల పుస్తకం అట్ట తినింది. నిన్న నేను ముగ్గేస్తావుంటే వెనకనుంచి చీర కొంగు నమిలింది. మీ మందను తలుచుకుని ఒకటే అరుపు, మూడు రోజులుగా కంటికి కునుకు లేదు."

"విన్నావా," అన్నాడు పుల్లయ్య కూతురితో. "అరిచేదంటే అట్లుండాల."

అరుపులకు శ్యాంసన్ బయటికొచ్చాడు. పుల్లయ్య చేతుల్లో గిటార్ చూశాడు. మొహం వెలిగిపోయింది.

"రద్దా బావా? రద్దంటే రద్దే. ఇటియ్యి, ఇటియ్యి." వంగని వేళ్ళన్నీ ఒక్కసారిగా చాచాడు.

పుల్లయ్య ఇవ్వబోయి ఆగిపోయాడు. ముప్ఫై ఏళ్ళు సంతల్లో తిరిగిన మనిషి. ఇచ్చిన సరుకు వెనక్కొస్తే మొహం మాడ్చుకునేవాళ్ళను చూశాడు, తన్నడానికి వచ్చేవాళ్ళను చూశాడు. సంబరపడేవాణ్ణి మాత్రం చూడలేదు. గిటార్‌ను మళ్ళీ గుండెకు ఆనించుకున్నాడు.

"ఏంది శ్యాంసనూ, అంత ఆత్రం?"

"ఆత్రం గాక ఏంది బావా. నీ కూతురు నన్ను నిలువునా ముంచింది. పదేళ్ళుగా అది పలకడంలా, చచ్చిందనుకున్నా. గురువారం వచ్చి నాలుగు మరలు విప్పింది, లోపలికి చూసింది, మళ్ళీ బిగించింది. మొగంలో ఏమీ కనపడనీలా. 'పలకని గిటార్ నువ్వేం చేసుకుంటావు మామా, నా గొర్రెను తీసుకో' అనింది. నేనే జాలిపడినా. తీరా చూస్తే లోపల ఒక తీగ ఊడింది, అంతే. నిన్న తను పనిచేసే సెల్లు షాపులో టంకం పెట్టి పలికించుకుందంట. ఆ మాట ముందే తెలిసుంటే ప్రాణం పోయినా ఇచ్చేవాణ్ణా?"

పుల్లయ్య కూతురి వైపు తిరిగాడు.

"తీగ ఊడిందని ముందే చూసినావా?"

"చూసినా."

"చూసి నోరు మెదపలేదా?"

"సంతలో ముల్లు చూసినప్పుడు నువ్వు మెదిపినావా?"

యల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో ఆమెకే తెలియాలి.

పుల్లయ్య గిటార్‌ను పైకెత్తి, ఒక కన్ను మూసి, మెడ పొడవునా చూశాడు. కొనబోయే గొర్రె వెన్ను చూసేది అట్లాగే. ఎక్కడా వంకర లేదు. మెడ మీది లోహపు కమ్మీల అంచుల వెంట బొటనవేలు నడిపించాడు. ఎక్కడా గుచ్చుకోలేదు. చివరనున్న మర ఒకటి తిప్పి వదిలాడు. వదిలిన చోటే నిలబడింది. చేతుల మీద ఎగరేసి బరువు చూశాడు.

"ఎముకుంది," అన్నాడు.

"ఎముకుంది బావా," అన్నాడు శ్యాంసన్ దిగులుగా. "అందుకే ఇటియ్యమంటున్నా."

గొర్రె ఎక్కడ మిగిలిపోతుందోనని శ్యాంసన్ భార్యకు భయం పట్టుకుంది. పలుకుతుందో లేదో చూసి తొందరగా తేల్చండని, ప్రార్థన కూటాల్లో పెట్టే మైకు డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టింది. వెన్నెల వైరు గుచ్చింది. డబ్బా కాసేపు గరగరమంది. పుల్లయ్య పెదవి విరవబోయాడు.

వెన్నెల మొదటి తీగ మీటింది.

మునగచెట్టు మీది కాకులు లేచిపోయాయి. శబ్దం ఇంటి గోడకు తగిలి, వీధిలోకి పోయి, ఊరు దాటి చేలలోకి పోయింది. ఆమె వాయించింది సినిమా పాట కాదు. సాయంత్రం మందను ఇంటికి మళ్ళిస్తూ పుల్లయ్య ఈలవేసే వరస. రెండు పొడుగు ఈలలు, ఒక పొట్టి ఈల, చివర కొంచెం సాగదీత. ఆయన నాయన నుంచి వచ్చింది. అది పాట అని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. గొర్రెల కోసం వేసే కూత అనుకున్నాడు. ఇప్పుడది నలభై ఏళ్ళ జపాను చెక్కలోనుంచి వస్తోంది.

చెవిగాటు గొర్రె చెవులు నిక్కబొడుచుకుంది. తాడు తెంచుకున్నంత పని చేసి, మిగిలిన బంతిచెట్లు కూడా తొక్కి, వెన్నెల వైపు గుంజింది.

పుల్లయ్య కళ్ళలో నీళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఏడ్చినట్టు అందరికీ తెలిసిపోతుందని.

"అయితే బావా," అన్నాడు శ్యాంసన్ చివరి ఆశతో. "రద్దేనా?"

"మూడు పొద్దుల మాట కొన్నోళ్ళది, ఇచ్చినోళ్ళది కాదు. కొనింది నేనా? దాన్నడుగు."

అందరూ వెన్నెల వైపు చూశారు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ఒక బేరం గురించి ఆమె వైపు చూడడం అదే మొదలు.

"రద్దు లేదు మామా," అంది వెన్నెల. "గొర్రె నీదే, చెవి మీద నీ గాటు ఇంకోటి పెట్టుకో. మేసేది మాత్రం మా మందలో మేస్తాది. అత్తకు కునుకు పట్టాల గదా."

శ్యాంసన్ భార్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. శ్యాంసన్ తల ఊపాడు. "నేర్పించిన నన్నే ముంచిందంటే బాగానే నేర్పినట్టు," అన్నాడు. గిద్దలూరు నుంచి వచ్చేదాకా మైకు డబ్బా కూడా ఉంచుకోమన్నాడు.

వచ్చేటప్పుడు పుల్లయ్య ఒక చేత్తో గొర్రె తాడు, రెండో చంకలో మైకు డబ్బా పట్టుకున్నాడు. గిటార్ వెన్నెల భుజానికి ఉంది. వీధి మొత్తం గడపల మీదికి వచ్చి చూసింది. పుల్లయ్య తల వంచుకుని గబగబా ఇంట్లోకి దూరబోయాడు. గుమ్మంలో పోలమ్మ చేతికర్ర అడ్డం పెట్టింది.

"ఈడిదాకా వినపడింది. లోపల ఏదో ఉందని నేను చెప్పలా?"

"చెప్పినావులే మా. ఆకలేస్తాంది, తప్పుకో."

"తప్పుకోను. మూడు రోజులు వీధిలో నిలబడి అందరినీ దొంగలన్నావు. ఆదిశేషు పులుసు చట్టి దాకా పోయినావు. ఆ గొంతుతోనే, ఆ చోటే నిలబడి చెప్పు. ఎవరూ దొంగ కాదు, గొర్రె పాపది, పాప ఇచ్చుకుంది అని చెప్పు. ఈ పొద్దునించి చెవిగాటు జీవాల్ని దాన్నడక్కుండా ఎవుడూ అమ్మడని కూడా చెప్పు. అది నాక్కాదు, ఊరికి వినపడాల. డబ్బా నీ చంకలోనే ఉంది గదా, పెట్టుకో మైకు. పో ఇప్పుడే. అన్నం తర్వాత."