గండభేరుండానికి కేతకి కట్టిన పేక

కంకణపుర రాజ్యంలో పేకాట పేరెత్తితే పెద్దవాళ్లు కూడా తలుపులు బిగించుకునే రోజులు వచ్చాయి. ఊరికి ఉత్తరాన నల్లకొండ మీద ధూమకేశుడనే రాక్షసుడు రాతి మండపం కట్టుకుని కూర్చున్నాడు. నెలకోసారి వాడి నగారా ఊళ్లో తనంతట తానే మోగుతూ తిరిగేది. ఆ మోత ఏ గడప ముందు ఆగితే ఆ ఇంట్లోంచి ఒకరు పౌర్ణమిలోగా కొండెక్కి వాడితో పేక ఆడాలి. వెళ్లకపోతే ఊరంతా పొగ కమ్మి, పసివాళ్లకు ఊపిరి అందేది కాదు. వెళ్లి ఓడినవాళ్లు అక్కడికక్కడే కుంచించుకుపోయి, గుండ్రటి లక్క ముక్కల మీద బొమ్మలైపోయేవారు. ఆ ముక్కల్నే రాక్షసుడు తన పేకలో కలుపుకునేవాడు.

అది మామూలు పేక కాదు. ముక్కను పలక మీద వేస్తే దాని మీది బొమ్మకు ప్రాణం వచ్చి లేచేది. ఆటగాడి ముందు కాపుగా ఏ ప్రాణీ లేనప్పుడు ఎదుటి ప్రాణి వచ్చి అతణ్ణి తాకితే ఆట ముగిసినట్టే.

కంకణపురం వాళ్ల దగ్గర ఒక గొప్ప ముక్క ఉంది. దాని మీద రెండు తలల గండభేరుండ పక్షి ఉంది. రాక్షసుడు దాన్ని ముట్టుకుంటే చేతులు కాలేవి. అందుకే ప్రతి ఓటమి తర్వాత ఆ ముక్క కొండ మీంచి దొర్లుకుంటూ కోట వాకిట్లోకి వచ్చి పడేది. అంతటి ముక్క చేతిలో ఉండి కూడా సేనాపతి ఓడాడు. పిల్లలు లేని రాజు ప్రతాపసేనుడు స్వయంగా వెళ్లి ఓడాడు. చివరికి రాజుగారి ఆస్థానంలో పేకలకు రంగులు వేసే నాగన్న కూడా వెళ్లి తిరిగి రాలేదు.

మరుసటి నెల నగారా మళ్లీ నాగన్న ఇంటి ముందే ఆగింది. ఇంట్లో మిగిలింది తల్లి సుభద్రమ్మ, చెల్లెలు కేతకి. సుభద్రమ్మ లేచి కొంగు బిగించింది. కేతకి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, నువ్వు ఉండు. నేను వెళ్తాను."

"బల్లి చప్పుడు చేస్తేనే నా వెనక దాక్కుంటావు. నువ్వెక్కడికే?"

"ఇప్పుడూ దాక్కోవాలనే ఉందమ్మా. కానీ నువ్వు ఏనాడూ ముక్క పట్టలేదు. నేను అన్నతో ఆడాను."

సుభద్రమ్మ ఎంత ఏడ్చినా కేతకి వినలేదు. కోట వాకిట్లో పడి ఉన్న భేరుండం ముక్కను తెచ్చుకుంది. అన్న రంగులు వెయ్యకుండా వదిలేసిన ఖాళీ లక్క ముక్కలు మూటగట్టుకుంది. ఏ ప్రాణి అయినా తనంతట తాను ఖాళీ ముక్కను ముట్టుకుంటే దాని బొమ్మ అందులో పడుతుంది. ఎన్ని ముక్కల్ని ముట్టుకుంటే అన్ని బొమ్మలు. అలా పేక కట్టుకోవడానికి ఆమె నల్లకొండ కింది పొగల అడవిలోకి నడిచింది.

ఆ అడవిలో పగలు కూడా మసకగానే ఉండేది. ఎక్కడో ఏదో మూలిగేది, ఆగేది, మళ్లీ దగ్గరగా మూలిగేది. కేతకి ప్రతి చెట్టునూ పట్టుకుని నిలబడి, గుండె నెమ్మదించాక ఇంకో చెట్టు దాకా నడిచేది. అన్నిటికంటే బలమైన ముక్కలు కావాలనుకుంది. గుహ ముందు కూర్చుని సింహాన్ని వేడుకుంది. సింహం ఆమె ముఖం మీద ఊపిరి వదిలి, నవ్వినట్టు పళ్లు బయటపెట్టి, పంజాతో ముక్కను తాకింది. మదపుటేనుగు, కొండచిలువ, అడవిదున్న కూడా అలాగే తాకాయి. మూట బరువెక్కుతుంటే కాస్త ధైర్యంగా అనిపించింది.

అడవి నడుమ ఒక పర్ణశాల ఉంది. అందులో ఉన్న శంఖపాద ముని లేచి నిలబడగానే కేతకి కెవ్వున అరిచింది. ఆయన ఒంట్లో కుడి సగం మనిషి. ఎడమ సగం పలచగా, మెరుస్తూ, రంగులద్దిన బొమ్మ.

"భయపడకు తల్లీ. నేనూ వాడితో ఆడి ఓడినవాణ్ణే. చేసిన తపస్సు సగం ఒంటినే కాపాడింది" అన్నాడు ముని. "ఏదీ, నీ పేక కలుపు. నాతో ఒక ఆట ఆడు."

ఆయన వేసినవన్నీ ఎలుకలు, తొండలు. కేతకి చేతిలోకి సింహం వచ్చింది, ఏనుగు వచ్చింది, భేరుండం కూడా వచ్చింది. ఆత్రంగా సింహాన్ని పలక మీద పెట్టింది. అది కళ్లు తెరవలేదు. ఏనుగును పెట్టింది. అదీ కదలలేదు. ఇంతలో ముని ఎలుక ఒకటి వచ్చి ఆమె వేలు కొరికింది. ఆట అయిపోయింది.

"ఇది కొండ మీద జరిగి ఉంటే?" అని అడిగాడు ముని.

కేతకి ఎలుక కొరికిన వేలు పట్టుకుని కూర్చుంది.

"పెద్ద ప్రాణి నిద్ర లేవాలంటే చిన్న ప్రాణుల ఊపిరి కావాలమ్మా. అవి ముందే లేచి పలక మీద ఉండాలి. భేరుండానికైతే మూడు ప్రాణుల ఊపిరి కావాలి. మీ రాజు, మీ సేనాపతి, మీ అన్న అందరూ నీలాగే బలమైనవన్నీ ఏరి తెచ్చుకున్నారు. ఏదీ లేవకముందే ఓడిపోయారు. భేరుండంతో పోటీపడే ముక్కలు నీకెందుకు? దాన్ని లేపేవి తెచ్చుకో. లేచేదాకా కాచేవి తెచ్చుకో. నీకు బాగా అవసరమైనదాన్ని ఒకటి కాకుండా మూడు పెట్టుకో. ఒక్కటే ఉంటే అది పేక అడుగున ఇరుక్కుపోవచ్చు."

"భేరుండం లేస్తే గెలిచినట్టేనా స్వామీ?"

ముని తల అడ్డంగా ఊపాడు. "వాడు ఆఖరున మనుషుల ముక్కల్ని తన ముందు కాపుగా నిలబెడతాడు. భేరుండం ఎదురుగా ఉన్నవాళ్లను మింగేస్తుంది. ఎవరన్నది చూడదు."

ఆ మాట విన్నాక కేతకి ఆ రోజంతా ఏమీ తినలేదు. సాయంత్రానికి సింహాన్నీ ఏనుగునూ కొండచిలువనూ దున్ననూ మునికిచ్చేసింది. అంత కష్టపడి తెచ్చుకున్నవాటిని వదులుతుంటే, చలిలో ఒంటి మీద దుప్పటి లాగేసినట్టుంది.

ముని చెప్పిన దారిన ముందు ఎర్రచీమల పుట్ట దగ్గరకు వెళ్లింది. "చెయ్యి లోపల పెట్టు. నువ్వు తీసేసుకోనంతసేపు మా వాళ్లు ముక్కలు ముట్టుకుంటారు" అంది చీమలరాణి. కేతకి కళ్లు గట్టిగా మూసుకుని, మోచేతిదాకా పుట్టలో పెట్టింది. మంట భుజం దాకా పాకింది. పెదవి కొరుక్కుంటూ, తనకు కావలసినన్ని ముక్కలు నిండేదాకా చెయ్యి తియ్యలేదు.

తర్వాత బురదమడుగులో ఉన్న ముసలి తాబేలును కలిసింది. అది రాయిలా కదలకుండా ఉంది. "నా వెనక ఉన్నవాళ్లను నేను కాస్తాను. కానీ నేనూ పగులుతానమ్మాయ్. నా వల్ల ఆటలో కాస్త సమయం దొరుకుతుంది, అంతే" అని ముక్కలు ముట్టుకుంది.

చివరికి నల్లనీళ్ల వాగు ఒడ్డున పడవ నడిపే రాక్షసి దగ్గరకు చేరింది. పేరు కరాళి. తాటిచెట్టంత ఎత్తు, చేతిలో తెడ్డు. పలక మీద ఎదుటివాడి కాపుగా ఉన్న ప్రాణిని తన పడవలో ఇవతలి ఒడ్డుకు తేగల శక్తి ఆమెకే ఉంది.

"అమ్మా, మూడు ముక్కలు ముట్టుకుంటావా?" అని అడిగింది కేతకి.

"ముక్కకొక భయం చెప్పు. అబద్ధం చెబితే వాగులో తోసేస్తా" అంది కరాళి వంగి ఆమె కళ్లలోకి చూస్తూ.

"నువ్వంటే భయం."

కరాళి పెద్దగా నవ్వి ఒక ముక్క ముట్టుకుంది. "తర్వాత?"

"మా అన్నకు ఇప్పటికే నా పేరు గుర్తులేదేమోనని భయం."

రాక్షసి నవ్వు ఆగింది. రెండో ముక్క ముట్టుకుంది.

కేతకి మూటలోని భేరుండం ముక్క వైపు చూసింది. "ఆ పక్షి లేచాక నా మాట వినదేమోనని భయం. అందరికంటే నాకు దాన్ని చూస్తేనే ఎక్కువ భయం."

"వినదు" అంది కరాళి మూడో ముక్క ముట్టుకుంటూ. "లేచాక అది రెండెత్తులదాకా ఆకలి ఆపుకోగలదు. ఆ తర్వాత ఎవరు ఎదురుంటే వాళ్లను తింటుంది. తొందరగా నడువు పిల్లా, పౌర్ణమి రేపే."

మర్నాడు పొద్దు వాలకముందే కేతకి నల్లకొండ ఎక్కింది. మండపంలో పొగ సుడులు తిరుగుతోంది. ఆ పొగే ధూమకేశుడి జుట్టు. ఎదురుగా నల్లరాతి పలక.

"అన్న చాలలేదని చెల్లెలు వచ్చిందే! వెయ్యి, పిల్లదానా" అన్నాడు వాడు.

కేతకి ముక్కలు కలుపుతుంటే రెండు జారి కింద పడ్డాయి. వాడు కడుపు పట్టుకుని నవ్వాడు. ఆమె వంగి ఏరుకుని, మొదటి చీమను పలక మీద పెట్టింది. అది వెంటనే లేచింది. వాడు తన పొగనే ఊపిరిగా ఊది తోడేలును దించాడు. తోడేలు ఒక్క గెంతులో చీమను నలిపేసింది. రెండో చీమ లేచింది. దాన్నీ తోడేలు తొక్కేసింది. ఊపిరి ఇచ్చేవి ఇలా ఒక్కొక్కటే పోతుంటే కేతకి ఆదరాబాదరాగా పై ముక్క తీసింది. తాబేలు!

తాబేలు డిప్ప అడ్డం పెట్టింది. తోడేలు పళ్లు దాని మీద కరకరలాడాయి. డిప్ప వెనక చీమలు ఒక్కొక్కటిగా లేచాయి. అలా మూడు చీమలు నిలవగానే కేతకి భేరుండాన్ని పలక మీద పెట్టింది.

మండపంలో వెలుతురు తగ్గింది. పక్షి రెక్కలు విప్పితే ఒకటి ఆ గోడకు, ఒకటి ఈ గోడకు తగిలింది. ఒక తల తోడేలును ఒక్క గుటకలో మింగింది. ఇంకో తల వెనక్కి తిరిగి కేతకిని చూసింది. ఆ చూపుకి ఆమె ఉన్నచోటే బిగుసుకుపోయింది.

ధూమకేశుడి నవ్వు మాత్రం ఆగలేదు. "ఇంతవరకు ఎవరూ దీన్ని లేపలేదు. భేష్! ఇప్పుడు తినమను" అంటూ తన ముందు ఒక ముక్క వేశాడు.

ముక్కలోంచి నాగన్న లేచాడు. వేళ్లకు ఇంకా రంగు అంటుకుని ఉంది. అతని కళ్లలో చూపు ఉంది కానీ, ఎవరినీ పోల్చుకుంటున్నట్టు లేదు.

"అన్నా!" అని అరిచింది కేతకి. నాగన్న పలకలేదు. భేరుండం రెండు మెడలూ అతని వైపు చాచింది.

"ఆగు" అంది కేతకి. పక్షి గుర్రుమంది, ఆగింది. ఆమె పై ముక్క తీసింది. చీమ! ఏం చెయ్యాలో తోచక దాన్ని పలక మీద పెట్టింది. రాక్షసుడు పొగతో చెళ్లున కొట్టి తాబేలును రెండు ముక్కలు చేశాడు. పక్షి గోళ్లు పలకను గీరుతున్నాయి. ఇంకొక్క ఎత్తు. తన చేత్తో తానే అన్నను చంపుకోబోతున్నానన్న భయంతో ఆమెకు ఏడుపు కూడా రాలేదు. కరాళి బొమ్మలు మూడూ ఇంకా పేకలోనే ఉన్నాయి. అన్నీ అడుగునే ఉంటే? కళ్లు మూసుకుని పై ముక్క తీసింది. వేలికి తెడ్డు గీత తగిలింది.

కరాళి నాలుగు చీమల ఊపిరీ గుండెల నిండా పీల్చి, పలక మీద లేచి, తెడ్డు ఒక్కసారి వేసింది. నాగన్న కాళ్ల కింద రాయి నీరైంది. పడవ అతణ్ణి ఎక్కించుకుని ఇవతలికి వచ్చేసింది. ధూమకేశుడి ముందు ఇప్పుడు ఎవరూ లేరు. వాడు గబగబా మరో ముక్క కోసం చెయ్యి చాచాడు. భేరుండం అప్పటికే వాడి మీద ఉంది. పొగ ఒక్కసారి గిరగిరా తిరిగి ఆ రెండు గొంతుల్లోకి దిగిపోయింది.

రాక్షసుడు పోయాడు. పక్షి ఆకలి పోలేదు. అది నెమ్మదిగా కేతకి వైపు, ఆమె పక్కనున్న నాగన్న వైపు తిరిగింది. కేతకి వెనక్కి పరిగెత్తలేదు, ఎందుకంటే కాళ్లు కదల్లేదు. చేతికందిన భేరుండం ముక్కను నేలకేసి కొట్టింది. అది పగల్లేదు. మళ్లీ కొట్టింది, మళ్లీ కొట్టింది. లక్క పెటిల్లుమని రెండుగా విరిగింది. పక్షిని ముక్కకు కట్టిన మాయ తెగిపోయింది. అది ఒక్క క్షణం ఆశ్చర్యపోయినట్టు రెండు తలలనూ ఒకదానితో ఒకటి ఆనించి, మండపం కప్పును చీల్చుకుని ఎర్రటి ఆకాశంలోకి లేచి, ఉత్తరపు కొండలు దాటి వెళ్లిపోయింది.

రాక్షసుడి పేక నేల మీద చెదిరింది. ముక్కల్లోంచి ఒక్కొక్కరే లేచారు. సేనాపతి, రాజు ప్రతాపసేనుడు, చేతులు పట్టుకున్న ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఇంకా ఎందరో. అడవిలో ముని కూడా నిండు మనిషయ్యాడు. నాగన్న కళ్లు నులుముకుని చెల్లెల్ని చూశాడు.

"కేతకీ, నీ చెయ్యేమిటే ఇలా వాచింది?" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది కేతకి. అతని భుజం మీద తలపెట్టి, కొండ దిగేదాకా ఏడుస్తూనే ఉంది.

ఊరి పొలిమేరలో సుభద్రమ్మ ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ప్రతాపసేనుడు నిండు సభలో కేతకిని తన కూతురిగా స్వీకరించి యువరాణిని చేశాడు. పట్టాభిషేకం నాడు ఊరేగింపు కోసం పట్టపుటేనుగును అలంకరించి తెచ్చారు. కేతకి తల పైకెత్తి దాన్ని చూసింది, ఒక అడుగు వెనక్కి వేసింది.

"మహారాజా, నేను నడిచి వస్తాను. అంత ఎత్తంటే నాకు భయం."

సభంతా ఘొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది కేతకే. ఆ రోజు కంకణపురం వీధుల్లో ఏనుగు ముందు నడిచింది, యువరాణి దాని వెనక జనంలో కలిసి నడిచింది. ఆమె రాజ్యం ఏలిన చల్లని కాలమంతా ఆ ఊళ్లో పిల్లలు వీధి అరుగుల మీద కూర్చుని పేక ఆడుకున్నారు.