పొడుగు బస్సు తోక

బడి బెల్ కొట్టే వేళవుతోందని హేమశ్రీకి తెలుసు. అయినా కాళ్లు కదలనంటున్నాయి. తెల్లారకముందే లేచి అమ్మతో కూర్చుని రొయ్యలు వలిచింది. ఇప్పుడేమో సైకిల్ వెనక తమ్ముడు కిరణ్, వాడి వీపున బ్యాగు. వాడు చదివేది ఒకటో తరగతే గాని, బరువు మాత్రం పదో తరగతి.

మార్కెట్ మలుపు దగ్గర పొడుగు బస్సు ఆగి ఉంది. రెండు బస్సులను హార్మోనియం మడతలతో అతికించినట్టుండే కొత్త బస్సు. ఎడమకు తిరగబోతోంది. దానికీ, ఎడమ పక్క డ్రైన్ గట్టుకూ మధ్య సైకిల్ పట్టేంత సందుంది.

హేమశ్రీ వాళ్లది గోదావరి ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. నాన్న వీరాస్వామి ఇంజిన్ పడవకు తాడు కట్టి ఇంకో పడవను లాక్కురావడం రోజూ చూస్తుంది. ముందు పడవ ఎడమకు తిరిగితే, వెనకది కుడివైపుకు ఊగిపోతుంది. బస్సు కూడా అంతేగా అనుకుంది. అతి తెలివి అంటే ఇదే. సందులోకి తొక్కేసింది.

బస్సు కదిలింది. వెనక పెట్టె బయటికి పోలేదు. లోపలికి, వాళ్ల మీదికే జరిగింది.

"అక్కా, కాలు" అన్నాడు కిరణ్.

హేమశ్రీ సైకిల్‌ను గట్టు మీదికి పడేసింది. ఇద్దరూ దానితోపాటే పడ్డారు. బస్సు వెళ్లాక చూస్తే, కిరణ్ చెప్పు ఒకటి రోడ్డు మీద నలిగిపోయి ఉంది. బతుకుజీవుడా అనుకోవడానికి కూడా ఆమెకు ఓపిక లేదు.

సాయంత్రం నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. రాత్రంతా వేటలో ఉండి కళ్లు ఎర్రబడ్డాయి. హేమశ్రీ జరిగిందంతా చెప్పింది.

"మన వెనక పడవ బయటికే పోద్ది కదా నాన్నా?"

"నీళ్ల మీద జారిపోద్దమ్మా. చక్రం జారదు. మలుపులో లోపలికొచ్చేద్ది."

నలిగిన చెప్పును చేతిలోకి తీసుకున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది హేమశ్రీకి.

"ఇందులో ఆడి కాలుంటేనో?" అన్నాడు చివరికి.

మర్నాడూ అదే అలసట. అవే రొయ్యలు, అదే బరువు. మలుపులో అదే బస్సు, పక్కన అదే సందు.

"అక్కా, బెల్ కొట్టేశారు" అన్నాడు కిరణ్.

"కొట్టనీ."

ఆమె దిగి బస్సు వెనకాలే నిలబడింది. సైకిల్ మీద వచ్చిన ఓ కాలేజీ అబ్బాయి సందు వైపు తిరిగాడు. హేమశ్రీ తన ముందు చక్రం అడ్డం పెట్టింది.

"ఆగండన్నయ్యా. దాని తోక వెళ్లాక వెళ్దాం."

అతను విసుక్కున్నాడు, కానీ ఆగాడు.

ఆలస్యంగా వచ్చారని టీచర్ గారు అక్కాతమ్ముళ్లిద్దరినీ వరండాలో నిలబెట్టారు. కిరణ్ రెండు కాళ్ల మీదా కుదురుగా నిలబడ్డాడు. హేమశ్రీ ఆ రెండు కాళ్లనే చూస్తూ నిలబడింది.