లంగా ఓణీలో బాస్కెట్‌బాల్

పెరట్లో కరివేపాకు చెట్టు పెట్టుకుని, ఆ ఆదివారం పొద్దున్నే గోపాలకృష్ణమూర్తి కరివేపాకు కొనడానికి సెంటర్‌కి బయల్దేరారు. భార్య మీనాకుమారి వంటింటి కిటికీలోంచి చూసి నవ్వుకుంది. ఆయన వెళ్ళేది ఎందుకో ఆమెకి తెలుసు. ముందురోజు సాయంత్రం తణుకు సెంటర్‌లో, తమ స్టీలు సామాన్ల కొట్టుకి ఎదురుగా, కూతురు ఇంద్రజ ఫ్లెక్సీ కట్టించారాయన. పడుకునే ముందు ఒకసారి చూసొచ్చారు. తెల్లారేసరికి మళ్ళీ చూడాలనిపించింది.

ఫ్లెక్సీ ఘనంగానే ఉంది. బెంగళూరు ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టుకు ఎంపికైన మన తణుకు ఆణిముత్యానికి శుభాకాంక్షలంటూ బంగారు రంగు అక్షరాలు. కింద వర్తక సంఘం పెద్దల ఫొటోలు వరసగా ఉన్నాయి. మధ్యలో పట్టు లంగా, మెరూన్ ఓణీ, వడ్డాణం, జడగంటలతో ఇంద్రజ. అది మేనత్త కూతురి పెళ్ళిలో తీసిన ఫొటో.

"ఆట బట్టల్లో ఉన్న ఫొటో ఏదైనా ఉందాండి?" అని ఫ్లెక్సీ షాపాయన అడిగాడు పాపం.

"వద్దండీ. నలుగురూ చూసేది, మర్యాదగా ఉండాలి" అన్నారు గోపాలకృష్ణమూర్తి.

ఆ షాపాయన గడుసువాడు. అమ్మాయి చేతిలోని పన్నీరుబుడ్డి చెరిపేసి అక్కడ ఒక నారింజరంగు బంతి అతికించాడు.

ఇంటర్‌లో ఉండగా ఇంద్రజ ఈ ఆట మొదలుపెట్టినప్పుడు ఆ ఇంట్లో జరిగిన రభస అంతా ఇంతా కాదు. "వైశ్యుల పిల్ల నిక్కరేసుకుని గ్రౌండులో గంతులేస్తే రేపు సంబంధం ఎవడిస్తాడు?" అని తండ్రి. ఆడనివ్వకపోతే అన్నం తిననని కూతురు. చివరికి కూతురే గెలిచి, రాజమండ్రిలో బీకాం చేరి, యూనివర్సిటీ జట్టు దాకా వెళ్ళింది. అయినా ఈ మూడేళ్ళలో గోపాలకృష్ణమూర్తి ఒక్క మ్యాచ్ చూడలేదు. ఎవరైనా అడిగితే "బీకామండి" అని ఊరుకునేవారు. క్రితం వారం పేపర్లో వార్త పడింది. సంఘం అధ్యక్షుడు సురేష్‌బాబు స్వీటు డబ్బాతో కొట్టుకొచ్చి, "ఇంత విషయం దాచారేంటండీ మూర్తిగారూ!" అన్నాడు. అంతే, అంతవరకు దాచుకున్న నిక్కర్ల పిల్ల రాత్రికి రాత్రి ఆణిముత్యమైపోయింది. మనుషులమింతే.

ఆయన కరివేపాకు కట్టతో ఇంటికొచ్చేసరికి ఇంద్రజ అప్పుడే బస్సు దిగి వచ్చి, అరుగు మీద బూట్లు విప్పుకుంటోంది.

"ఏమ్మా, సెంటర్ మీంచేనా వచ్చింది? చూశావా మరి?" అన్నారు ఉత్సాహం ఆపుకోలేక.

"చూశాను నాన్నా. మా హాస్టల్ గ్రూపులోకి కూడా వచ్చేసింది, ఎవరో ఫొటో తీసి పెట్టారు. వడ్డాణంతో పరిగెడితే ఊడి రాదా అని అడుగుతున్నారందరూ."

తులసికోట దగ్గర దీపం పెడుతున్న మామ్మ రత్నమాణిక్యం తలెత్తింది. "ఊడి ఎందుకొస్తుందే? అది నా వడ్డాణం. రెండు మరలున్నాయి."

మీనాకుమారి ఫక్కున నవ్వింది. ఇంద్రజ నవ్వలేదు. ఇడ్లీ ప్లేటు ముందు కూర్చుని, తుంచిన ముక్క తుంచినట్టే వదిలేసి, తల వంచుకుని అంది.

"నాన్నా, ఇవాళ సంఘం వనభోజనాల దగ్గర నాకు సన్మానం వద్దని చెప్పేయండి. నేను బెంగళూరు వెళ్ళట్లేదు."

గోపాలకృష్ణమూర్తి చేతిలో కాఫీగ్లాసు ఆగిపోయింది. "వెళ్ళట్లేదా? ఫోన్లో అడిగితే ఊఁ అన్నావుగా?"

"అన్నాను."

"ఆ ఊఁ పట్టుకునే కదమ్మా నేను ఊరంతా చెప్పుకున్నది! శాలువా తెచ్చారు, మొమెంటో చేయించారు, వనభోజనాల కార్డులో నీ పేరు వేశారు. ఇప్పుడెళ్ళి ఏం చెప్పమంటావు? తల ఎక్కడ పెట్టుకోమంటావు? వద్దన్నన్నాళ్ళూ ఆడతానని పస్తులు పడుకున్నావు. సరే వెళ్ళమంటే ఇప్పుడు వద్దంటావు. నేనేదంటే దానికి అడ్డం తిరగడమేనా నీ పని?"

"అరవకండి. పిల్ల వచ్చి ఇడ్లీ ముక్కయినా నోట్లో పెట్టుకోలేదు" అంది మీనాకుమారి. "ఎందుకు వద్దంటోందో అడగరేం ముందు?"

అడగకుండానే చెప్పింది ఇంద్రజ.

"నాకింకా అంత ఆట రాదు నాన్నా."

గోపాలకృష్ణమూర్తి కాఫీగ్లాసు కింద పెట్టారు.

"ఇంట్లో అంత గొడవచేసి ఆడాను కదా. ఇప్పుడు నాకు రాదు అని మీతో చెప్పడానికి సిగ్గేసింది. అందుకే ఊఁ అన్నాను. మీరు ఫ్లెక్సీ వేయిస్తారని నాకేం తెలుసు? వాళ్ళకి పొడుగ్గా, వేగంగా ఉన్న అమ్మాయి కావాలి, తీసుకున్నారు. కానీ అక్కడున్నవాళ్ళంతా నాకన్నా చాలా పైన. నేను ఆడను నాన్నా, బెంచీ మీద కూర్చుంటాను. కాలేజీ వదిలేసి వెళ్ళాలి కాబట్టి యూనివర్సిటీకి ఆడటానికీ ఉండదు. ఇక్కడే ఉంటే వచ్చే ఏడంతా ప్రతి మ్యాచూ ఆడతాను. డిగ్రీ అవుతుంది, ఆటా వస్తుంది. అప్పుడు పిలిస్తే వెళ్తాను."

"అప్పుడు పిలవకపోతే?"

ఇంద్రజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పిలవకపోతే పిలవరు. అది ఆలోచించే ఈ వారమంతా నిద్రపోలేదు."

"మీ కోచ్ మేడమ్ వద్దందా?"

"దేవకుమారి మేడమ్ ఏమీ అనలేదు. ఆడేది నువ్వు, నువ్వే తేల్చుకోమన్నారు. రేపు వాళ్ళకి జవాబు చెప్పాలి."

"వాకిట్లోకొచ్చిన బేరాన్ని రేపు రమ్మనకూడదమ్మా. ముప్పయ్యేళ్ళ వ్యాపారంలో నేను నేర్చుకున్నది అదొక్కటే" అన్నారు గోపాలకృష్ణమూర్తి. ఆయన గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

రత్నమాణిక్యం దీపం దగ్గర్నుంచి లేవకుండానే అంది. "పచ్చి గెల నరికి మగ్గబెడితే రంగొస్తుంది గానీ రుచొస్తుందేంట్రా గోపాలం? ఇంకొన్నాళ్ళు చెట్టుకుంటే నీకొచ్చిన నష్టమేంటి?"

"నీకేం తెలుసమ్మా! పేపర్లో వేసినవాళ్ళు పిచ్చివాళ్ళా? రాకుండానే తీసుకుంటారా? అసలు రాదని ఎవరన్నారు దీనికి?"

ఇంద్రజ ఫోను తీసి, సెలక్షన్‌లో ఆడిన మ్యాచ్ వీడియో పెట్టి తండ్రి చేతికిచ్చింది. "మీరే చూడండి."

గోపాలకృష్ణమూర్తి మొదట ఇబ్బందిగా చూపు తిప్పుకున్నారు. మోకాళ్ళ పైకి నిక్కరు, వెనక అంకె వేసిన చేతుల్లేని బనీను. ఎవరి పిల్లో అన్నట్టు చూశారు. ఇంతలో తెర మీద ఎదుటి జట్టు అమ్మాయి మోచేత్తో ఒక్క పోటు పొడిచింది, ఇంద్రజ నేల మీద బోర్లా పడింది.

"అయ్యో! ఎవరే ఆ రాక్షసి? అక్కడ రిఫరీ అనేవాడు లేడా?" అన్నారు సగం లేచి.

"ఉన్నాడు. ఫౌల్ ఇచ్చాడు, చూడండి."

"దెబ్బ తగిలిందా?"

"మోకాలు చీరుకుపోయింది."

"మాకు చెప్పలేదేమే?"

"చెప్తే ఆట మానేయమంటారని."

ఆ తర్వాత ఆయనకి నిక్కరు కనపడలేదు. పిల్ల ఎలా లేచిందో, బంతి తనకోసం ఉంచుకోకుండా ఖాళీగా ఉన్న అమ్మాయిని ఎలా వెతికి ఇస్తోందో చూశారు. కాసేపటికి ఇంకొకటి కూడా కనిపించింది. ఇంద్రజ కుడివైపు వెళ్ళబోయినప్పుడల్లా ఆ రాక్షసి అడ్డం నిలబడుతోంది. ఎడమవైపుకి నెట్టేసరికి పిల్ల తడబడి బంతి పోగొట్టుకుంటోంది. ఒకసారి కాదు, ఆటంతా అదే.

"నిన్ను కుడివైపు రానివ్వట్లేదు కదూ?" అన్నారు మెల్లగా.

"అదే నాన్నా. ఎడంచెయ్యి ఇంకా సాధించాలి. బెంచీ మీద కూర్చుంటే అది రాదు."

గోపాలకృష్ణమూర్తి ఫోను తిరిగిచ్చేశారు. కన్న కూతురు ఏ చేత్తో ఆడుతుందో కూడా తనకి ఇన్నాళ్ళూ తెలియదని ఆయనకి అప్పుడే తట్టింది. తట్టినా ఏం లాభం, సంఘం వాళ్ళ ముందు మొహం ఎలా పెట్టుకోవాలన్న బెంగే ఆయన్ని తినేస్తోంది.

వనభోజనాలు ఊరి బయట కాలవగట్టు దగ్గర కొబ్బరితోటలో. తోట మూలనున్న ఉసిరిచెట్టుకి పూజ అయింది. ఆడవాళ్ళు తంబోలా ఆడుతున్నారు, గాడిపొయ్యి మీద పనసపొట్టు కూర ఉడుకుతోంది. గోపాలకృష్ణమూర్తి సురేష్‌బాబుని పక్కకి పిలిచి, నీళ్ళు నములుతూ సంగతి చెప్పారు.

సురేష్‌బాబు మొహం చిట్లించాడు. కానీ ఎంతైనా వ్యాపారస్థుడు, క్షణంలో తేరుకున్నాడు. "దీనికింత దిగులెందుకండీ? అమ్మాయి వెళ్తానంది, చదువు ముఖ్యమని మీరే ఆపేశారు. ఆడపిల్లని అంత దూరం పంపడం మీకిష్టం లేదు. అలా చెప్పేద్దాం. మీ పెద్దరికం నిలబడుతుంది, పిల్లకి ఆట రాదన్న మాటా పడదు."

గోపాలకృష్ణమూర్తికి ప్రాణం లేచొచ్చింది. "అలాగే చెప్పేయండి బాబూ" అన్నారు.

సురేష్‌బాబు మైకు పట్టుకుంటే మామూలుగా వదలడు. "కూతురి చదువు కోసం ఇంత కీర్తిని కూడా కాదనుకున్న తండ్రిని ఈ కాలంలో ఎక్కడ చూస్తామండీ! అందుకని ఈ శాలువా మన మూర్తిగారికే కప్పుదాం" అన్నాడు. చప్పట్లు మోగాయి. పట్టుశాలువా ఆయన భుజాల మీద పడింది. గోపాలకృష్ణమూర్తి నవ్వుమొహం పెట్టి జనంలోకి చూశారు.

తల్లి పక్కన జంపఖానా మీద కూర్చున్న ఇంద్రజ కూడా చప్పట్లు కొడుతోంది. తల వంచుకుని, తండ్రి పరువు కోసం, అందరితోపాటు కొడుతోంది. మీనాకుమారి మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని భర్త వంకే చూస్తోంది.

ఆ చప్పట్లు ఆయన్ని చెంప మీద కొట్టినట్టయింది. తాను ఎంత చిన్నవాడైపోయాడో ఆ క్షణంలో ఆయనకి తెలిసినంతగా ఆ తోటలో ఇంకెవరికీ తెలియదు. ముందుకెళ్ళి మైకు అందుకున్నారు.

"ఒక్క నిమిషమండి. సురేష్‌బాబుగారు చెప్పింది నిజం కాదండి. ఆయన తప్పేం లేదు, అలా చెప్పమని నేనే ఒప్పుకున్నాను. నేనెవరినీ ఆపలేదు. వెళ్ళనని మా అమ్మాయే అనుకుంది. తనకి ఇంకా నేర్చుకోవాల్సింది ఉందట, కాలేజీలో ఉండి నేర్చుకుని అప్పుడెళ్తానంది. ఆ మాట ఒప్పుకునే ధైర్యం దానికుంది. మీ ముందు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది."

ఆగి, మళ్ళీ అందుకున్నారు.

"ఇంకో మాటండి. సెంటర్‌లో నేను కట్టించిన ఫ్లెక్సీ మీరంతా చూసే ఉంటారు. ఆ బట్టల్లో ఎవరూ బాస్కెట్‌బాల్ ఆడరండి. ఆట బట్టల్లో ఫొటో పెట్టడానికి నాకు సిగ్గేసింది. మూడేళ్ళుగా పిల్ల ఆడుతుంటే ఒక్కసారీ వెళ్ళలేదు నేను. ఇవాళ పొద్దున్న ఫోన్లో చూశాను. బాగా ఆడుతుందండి. పడిపోయినా లేచి ఆడుతుంది."

అంతకన్నా చెప్పలేకపోయారు. శాలువా తీసి, మడతపెట్టి, సురేష్‌బాబు చేతిలో పెట్టారు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. "ఇవన్నీ మైకులో ఎందుకండీ ఇప్పుడు" అని సురేష్‌బాబు గొణిగాడు. "అంటే సెలక్టవ్వలేదన్నమాట" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. మొహం ఎర్రబడింది. అలాగే విస్తళ్ళ వైపు నడిచారు.

భోజనాల బంతిలో ఆయన చివరి విస్తరి ముందు ఒక్కరే కూర్చున్నారు. కాసేపటికి ఇంద్రజ వచ్చి పక్కన కూర్చుంది. వడ్డించేవాళ్ళు పులిహోర వేసి వెళ్ళారు.

"నీకు ఆట రాదని అందరి ముందూ అనిపించానమ్మా" అన్నారాయన విస్తట్లోకి చూస్తూ.

"రాదుగా నాన్నా. వస్తుందిలెండి." ఆయన విస్తట్లో గారె ఒకటి తుంచుకుని తింది, చిన్నప్పటిలాగే.

గోపాలకృష్ణమూర్తి కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. "మళ్ళీ ఆట ఎప్పుడు?"

"వచ్చే నెల మా కాలేజీలోనే."

"నేను రావచ్చా?"

"రండి."

"గేటు దగ్గర నా పేరు చెబితే లోపలికి రానిస్తారా?"

ఇంద్రజ తండ్రి వైపు తిరిగింది. ఏడుస్తూనే నవ్వింది. "మీ పేరు అక్కడెవరికీ తెలీదు నాన్నా. ఇంద్రజ వాళ్ళ నాన్ననని చెప్పండి, కుర్చీ వేస్తారు."

"ఇంద్రజ వాళ్ళ నాన్ననండి" అని ఆయన గొంతులోనే ఒకసారి అనుకుని చూసుకున్నారు.